రఘువీర్ అన్నకు కొండ దక్కకూడదు

ఆగస్టు 7

ఈ రోజు నుంచి నేను పగబట్టాను.

మామూలుగా నా కోపం చేతిలో టీ చల్లారేలోపే చల్లారిపోతుంది. ఇది అలా పోకూడదని వివరాలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎప్పుడైనా మెత్తబడితే ఈ పేజీ తీసి చదువుకుని మళ్ళీ వేడెక్కాలి.

ముద్దాయి: డాక్టర్ రఘువీర్. స్వస్థలం బెజవాడ. మా ఆసుపత్రిలో మెడిసిన్ రిజిస్ట్రార్, అంటే నాకు సరిగ్గా ఒక మెట్టు పైన. వయసులో పెద్ద కాబట్టి ఎదురుపడితే ‘అన్నా, మీరు’. ఇక్కడ మాత్రం ఎలా రాయాలనిపిస్తే అలా రాస్తాను. ఐర్లండ్‌కి నడుమన ఎక్కడో ఉన్న ఈ ఊరి పేరు రాయను. డైరీ ఎవరి చేతికైనా చిక్కితే ఊరి పరువు కూడా పోతుంది. డాక్టర్లకి డ్యూటీలు పంచే రోటా ఈయన వేస్తాడు. పైసా రాని పని, ఎవరూ ముట్టుకోరు. ఈయన మాత్రం ‘నేను చూసుకుంటాలే’ అని మీద వేసుకున్నాడు. అప్పుడే అనుమానించాల్సింది.

నేరం: నిన్న రాత్రి కాకినాడలో మా చెల్లెలు సుధేష్ణ పెళ్ళి జరిగింది. నేను ఇక్కడ ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్నాను.

ఈ శ్రావణంలో అంతకు మించిన ముహూర్తం లేదట. అదే రోజు తెల్లవారుజామున బెజవాడలో రఘువీర్ అన్న కొత్త ఫ్లాటు గృహప్రవేశం. పంచాంగం ఒకటే, మంచిరోజు ఒకటే. మెడిసిన్‌లో తెలుగువాళ్ళం ఇద్దరం, ఆ వారం సెలవు ఒక్కరికే కుదురుతుందట. రోటా వేసిన చెయ్యి ఎవరిదో పైన రాశాను. సెలవు ఎవరికి దొరికిందో రాయనక్కర్లేదు.

‘సిస్టమ్‌లో అలా వచ్చింది రా మహీ’ అన్నాడు. ఏం సిస్టమ్? వాళ్ళావిడ ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు.

నేను ఎంత పోరాడానో ఆ దేవుడికే తెలుసు. ఆ రోజు డాక్టర్ల గదిలో నేను అన్నదంతా ఇక్కడ మళ్ళీ రాయడం అనవసరం.

నాన్న ఫోన్‌ని మండపం స్తంభానికి కట్టించి నాకు పెళ్ళి చూపించారు. జీలకర్రబెల్లం చేతిలోకి తీసుకున్నారో లేదో ఇక్కడ నా బ్లీప్, అంటే వార్డు వాళ్ళు మమ్మల్ని పిలిచే పేజరు, మోగింది. వార్డులో ఒక పెద్దాయనకి ఊపిరాడటం లేదు. ఆయన్ని కుదుటపరిచి, ఫోన్లో పెళ్ళి చూస్తూ కూర్చున్న మెట్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి, లాజహోమం నడుస్తోంది. ఆడపిల్ల దోసిట్లో పేలాలు పోయాల్సింది ఆమె అన్న. పోస్తున్నది మా పెదనాన్న కొడుకు త్రినాథ్. నా కోసం కుట్టించిన షేర్వాణీలో వాడు నాకంటే బాగున్నాడు.

పెద్దాయన బతికాడు. చెప్పుకోవడానికి బాగుంది కదా అని అందరికీ అదే చెప్పాను.

ఆగస్టు 8

సుధేష్ణకి పొడుగాటి మెసేజ్ పెట్టాను, మూడు జోకులు కలిపి. ‘సరే అన్నయ్యా’ అని జవాబొచ్చింది.

ఆగస్టు 9

మళ్ళీ చదివాను. సరే అన్నయ్యా. చుక్క కూడా పెట్టలేదు.

ఆగస్టు 19

ముద్దాయి తిరిగొచ్చాడు. పూతరేకులు తెచ్చాడు. నేను తినకూడదని శపథం చేసి నాలుగు తిన్నాను. పగ వేరు, పూతరేకులు వేరు.

గృహప్రవేశం వీడియో అందరికీ చూపించాడు. ఆవుని లిఫ్టులో పైకి తీసుకెళ్ళారట. పాలరాయి నేల చూసి అది గుమ్మంలోనే ఆగిపోయింది. పంతులుగారు అరటిపండు చూపించారు, బావమరిది వెనక నుంచి నెట్టాడు. కదల్లేదు. నలుగురు మనుషులు, ఒక పురోహితుడు, మించిపోతున్న ముహూర్తం, అయినా ఆ ఆవు రానంటే రానంది. చివరికి తోక ముందుగా లోపలికి వెళ్ళేలా వెనక్కి నడిపించి ఒక కాలు గడప దాటిందనిపించారు.

ఆ ఇంట్లో నాకు గౌరవం కలిగింది ఆ ఆవు మీద ఒక్కదాని మీదే.

సెప్టెంబర్ 3

అవకాశం దొరికింది.

మా వాట్సాప్ గ్రూపులో ముద్దాయి ప్రకటన చేశాడు: అక్టోబర్ చివరి సోమవారం బ్యాంకు సెలవు, ఆ వారాంతానికి టెనరీఫ్ దీవికి వెళ్దాం, తెయిదే ఎక్కుదాం. తెయిదే అంటే అగ్నిపర్వతం, మొత్తం స్పెయిన్ దేశంలోనే ఎత్తైన శిఖరం. ఐర్లండ్‌లో సగం మంది వెచ్చటి ఎండ కోసం ఆ దీవికి పోయి, బీచిలో పడుకుని, ఉడికించిన రొయ్యల్లా ఎర్రబడి వస్తారు. మనం మాత్రం కొండెక్కుతామట. ఎందుకంటే ఆ రోజు కార్తీక సోమవారం. ఆయన ఉపవాసం ఉండి, అగ్నిపర్వతం నెత్తి మీద శివుడికి దీపం పెడతాడట. అది వీడియో తీసి డబ్లిన్‌లో కార్తీక వనభోజనాల రోజు పెద్ద తెర మీద వేయిస్తాడట. ‘చిన్నప్పటి నుంచి ఇలాంటిది ఒక్కటి చెయ్యాలని రా’ అన్నాడు. కళ్ళు మెరిశాయి.

వచ్చేవాళ్ళం నలుగురం. ఆయన, వాళ్ళావిడ జయశ్రీ వదిన, నేను, నతానియేల్. నతానియేల్ మా ఆసుపత్రిలోనే మత్తు డాక్టరు, ఊరు గుంటూరు, నేనుండే ఇంట్లోనే పక్క గది అద్దెకుంటాడు. ప్రపంచంలో ఈ పగ సంగతి తెలిసిన రెండో ప్రాణి.

మెడిసిన్ నుంచి ఇద్దరికీ ఒకేసారి సెలవెలా వచ్చిందని అడిగాను. ‘లోకమ్‌ని పెట్టించా’ అన్నాడు. అంటే బయట నుంచి వచ్చి రెండు రోజులు డ్యూటీ చేసిపోయే డాక్టరు. దీపానికి లోకమ్ దొరికాడు. లాజహోమానికి దొరకలేదు.

సెప్టెంబర్ 4

లోకమ్.

సెప్టెంబర్ 10

పథకం సిద్ధం. దీన్ని ఇక్కడ రాయడం ప్రమాదమని తెలుసు. కానీ రాయకపోతే దీని అందం నేనొక్కణ్ణే ఎలా అనుభవించను?

తెయిదే మీద కేబుల్ కారు పైస్టేషన్ దాకా ఎవరైనా పోవచ్చు. అక్కడి నుంచి శిఖరానికి పోయే ఆఖరి దారికి మాత్రం మనిషి మనిషికీ విడిగా పర్మిట్ ఉండాలి. పేరు, పాస్‌పోర్టు నంబరు ఇచ్చి ముందుగా తీసుకోవాలి. దారి మొదట్లో ఒక కావలివాడు నిలబడి పేరు పేరునా చూసి వదులుతాడట. పర్మిట్ లేకపోతే అక్కడే ఆపేస్తాడు. శిఖరం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. పొగ వాసన కూడా వస్తుంది.

నలుగురి పర్మిట్లూ నేను తీస్తానని ముందుకొచ్చాను. ‘నేను చూసుకుంటాలే అన్నా’ అని ఆయన మాటే ఆయనకి అప్పజెప్పాను. ‘బంగారం రా నువ్వు’ అన్నాడు, పాస్‌పోర్టు ఫొటో పంపాడు.

మూడు తీశాను.

కావలివాడు ఆపిన క్షణంలో ఆయన నా వైపు తిరుగుతాడు. అప్పుడు నేను తాపీగా, జాలిగా, తల కొంచెం పక్కకి వాల్చి, ‘అన్నా, సిస్టమ్‌లో అలా వచ్చింది’ అంటాను. అంతే, ఇంకో మాట ఉండదు. అద్దం ముందు సాధన మొదలుపెట్టాను. మొదటి రోజు నవ్వొచ్చింది. నవ్వు రాకూడదు.

సెప్టెంబర్ 21

క్రో పాట్రిక్ ఎక్కి వచ్చాం, తెయిదేకి సాధనగా. ఇక్కడి భక్తులు మొక్కుగా ఎక్కే కొండ. కాజిల్‌బార్ దాటి వెళ్తే సముద్రం పక్కనే నిక్కబొడుచుకుని ఉంటుంది. చివరి భాగమంతా వదులు రాళ్ళు, ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. మా అమ్మ వయసు ఐరిష్ ఆవిడ ఒకామె చెప్పుల్లేకుండా ఎక్కుతూ మమ్మల్ని దాటుకుపోయింది, పోతూ ‘యూ ఆర్ గ్రాండ్, ల్యాడ్స్’ అని ధైర్యం కూడా చెప్పింది. తిరుపతి కొండ నడిచెక్కినవాణ్ణని అప్పటిదాకా నాకు కొంత గర్వం ఉండేది.

ఒక చోట నా కాలు జారింది. పైనుంచి రఘువీర్ అన్న చెయ్యి ఇచ్చి లాగాడు. చెయ్యి పట్టుకున్నాను. ఇది రాజీ ఒప్పందం కాదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ములింగార్‌లో ఆగి ఇండియన్ షాపులో జయశ్రీ వదిన వత్తులు, నెయ్యి కొంది. ఆ కొండ మీద నిప్పు వెలిగించనివ్వరని నెట్‌లో చదివిన నతానియేల్ చెప్పాడు. చాలాసేపు చర్చించి బ్యాటరీ దీపం కొన్నారు. చైనాది. శివుడు సర్దుకుంటాడని తీర్మానించారు.

అక్టోబర్ 6

పెళ్ళి ఆల్బమ్ లింకు వచ్చింది.

కుటుంబం ఫొటోలో నేనున్నాను. ఫొటోగ్రాఫరు నా పాస్‌పోర్టు ఫొటో తీసి అతికించాడు. అందరూ పట్టుబట్టల్లో నవ్వుతూ ఉన్నారు, నాన్న భుజం పక్కన నా తల ఒక్కటే మొలిచి, వీసా ఆఫీసరు వంక చూసినట్టు చూస్తోంది. మెడ మా నాన్న కండువాలోంచి వచ్చింది.

‘బాగా కుదిరింది కదా’ అంది అమ్మ. సుధేష్ణ ఏమందని అడిగాను. ‘ఏమంటుంది, దాని కాపురం దానిది’ అంది.

అద్దం ముందు ఈ రోజు నవ్వు రాలేదు.

అక్టోబర్ 18

నతానియేల్ టీ తాగుతూ, పర్మిట్ ఇంకా దొరుకుతుందేమో చూడమన్నాడు. క్రైస్తవుడిగా చెప్తున్నావా అన్నాను. ‘ఇంట్లో నీతో కలిసి ఉండేవాడిగా చెప్తున్నాను. అద్దంతో నువ్వు మాట్లాడే మాటలు నా గదిలోకి వినబడుతున్నాయి’ అన్నాడు.

అక్టోబర్ 25

టెనరీఫ్. హోటల్ చుట్టూ ఐరిష్ పబ్బులే. ఎండ, ఉడికిన రొయ్యలు. మేఘాల పైన కొండ తల ఒక్కటే కనబడుతోంది. నా ఫోల్డర్‌లో మూడు కాగితాలు ఉన్నాయి. రెండుసార్లు తీసి చూసుకున్నాను.

అక్టోబర్ 27, సోమవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

చీకటి విడుస్తుండగా కారులో కొండ నడుము దాకా వచ్చి, అక్కడి నుంచి నడక మొదలుపెట్టాం. కేబుల్ కారులో పోవచ్చు కానీ కాలినడకన ఎక్కితేనే పుణ్యమని ముద్దాయి పట్టుదల. మొదట నేలంతా పాలిపోయిన పసుపు, పిండి పిండిగా. దాని మీద అక్కడక్కడా ఏనుగంత నల్లటి గుండ్లు, పైనుంచి లావా దొర్లుకుంటూ వచ్చి ఆగిపోయినవట. చెట్టూ లేదు, నీడా లేదు. మేఘాలు మా కాళ్ళ కింద పరుచుకున్నాయి. ఇలాంటి చోట పగ తీర్చుకోవడం నా అదృష్టమనిపించింది. ఇంత మంచి వేదిక ఎంతమందికి దొరుకుతుంది?

రఘువీర్ అన్న ముందు నడిచాడు. ఎర్రటి జాకెట్, నుదుట విభూతి. పొద్దున మేము ముగ్గురం బ్రెడ్డు, గుడ్లు తింటుంటే ఆయన కాఫీ కూడా ముట్టలేదు. ఆకాశంలో చుక్క చూసిన తర్వాతే ఏదైనా నోట్లో పెడతాడట. జయశ్రీ వదిన కనీసం పండైనా తినమని బతిమాలింది.

సగం దారిలో ఆగినప్పుడు ఆయన సంచి పక్క జేబులోని నీళ్ళ సీసా నా కంటపడింది. మూత సీలు కూడా తీయలేదు.

నేను చూశాను. గంటల తరబడి పొడిగాలిలో ఎక్కుతున్న మనిషి, ఎత్తు పెరిగేకొద్దీ తల పట్టేస్తుంది, చుక్క నీళ్ళు లేవు. ఏమవుతుందో మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరం పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. చూశాను, నోరు విప్పలేదు. నా సీసా తీసి ఆయన ఎదురుగా నిలబడి గుటకలు వినబడేలా తాగాను.

అక్కడి నుంచి ఆయన వేగం తగ్గింది. మాటలు తగ్గాయి. పది అడుగులు వెయ్యడం, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడటం. జయశ్రీ వదిన అడిగితే ‘ఉపవాసం కదా, ఆ మాత్రం ఉంటుంది’ అన్నాడు. నతానియేల్ నా వంక చూశాడు. నేను మేఘాల వంక చూశాను.

పైస్టేషన్ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. కేబుల్ కారులో వచ్చినవాళ్ళు చెప్పులేసుకుని సెల్ఫీలు దిగుతున్నారు. శిఖరం అక్కడే ఉంది, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా. గంధకం వాసన ముక్కుకి తగిలింది. దారి మొదట్లో గొలుసు, గొలుసు దగ్గర కావలివాడు.

కాగితాలు ఇచ్చాను. జయశ్రీ, ఓకే. నతానియేల్, ఓకే. మహీధర్, ఓకే. రఘువీర్ అన్న పాస్‌పోర్టు చూశాడు, కాగితాలు చూశాడు, మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు. ‘నో’ అన్నాడు.

రఘువీర్ అన్న నా వైపు తిరిగాడు. నేను ఎన్నాళ్ళుగానో ఊహించుకున్నట్టే, అదే కోణంలో. తల పక్కకి వాల్చాను.

‘అన్నా, సిస్టమ్‌లో అలా వచ్చింది’ అన్నాను.

ఆయన ‘అమ్మయ్య’ అన్నాడు.

అని పక్కనున్న రాయి మీద కూలబడి, వంగి వాంతి చేసుకున్నాడు. కడుపులో ఏమీ లేదు కాబట్టి ఏమీ రాలేదు, చప్పుడు మాత్రమే వచ్చింది. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి.

జయశ్రీ వదిన ఆయన వీపు రాస్తూ, ‘అదేంటి మహీ, అందరివీ నువ్వే కదా చేశావు’ అంది. అనుమానంతో అనలేదు. ఎలాగూ ఆ క్షణం కోసమే వచ్చాను, నేనే చెప్పేస్తాను అనుకుని నోరు తెరిచాను.

‘తప్పు నాదే జయా’ అన్నాడు రఘువీర్ అన్న, తల ఎత్తకుండా. ‘పాత పాస్‌పోర్టు నంబరు ఇచ్చాను.’

చూశారా. నా నేరాన్ని కూడా ఆయనే కొట్టేశాడు.

ఆవిడ ఉండిపోతానంది. ఆయన ఒప్పుకోలేదు, దీపం తనైనా పెట్టాలన్నాడు. ‘అయితే ఒక డాక్టరు ఇక్కడ ఉండాలి’ అన్నాడు నతానియేల్, నా వంకే చూస్తూ. నువ్వుండు, నువ్వు కూడా డాక్టరువేగా అన్నాను.

‘నేను మనుషుల్ని నిద్రపుచ్చేవాణ్ణి. ఈయన్ని మేలుకొలిపి ఉంచాలి. కాగితాలు నువ్వే చూసుకున్నావు కదా, మనిషిని కూడా నువ్వే చూసుకో’ అన్నాడు.

వాళ్ళిద్దరూ గొలుసు దాటి ఎక్కడం మొదలుపెట్టారు. నా పర్మిట్ నా చేతిలోనే ఉంది. పేరు అచ్చు తప్పు లేకుండా ఉంది.

అప్పుడు నాకు అర్థమైంది. మళ్ళీ నేనే డ్యూటీలో ఉన్నాను. ఈసారి రోటా వేసుకున్నది కూడా నేనే.

ఆయన్ని స్టేషను గోడ పక్కకి, గాలి తగలని చోటికి తీసుకెళ్ళాను. తాగినవాణ్ణి పోలీసులు నడిపించినట్టు మడమకి కాలివేలు ఆనించి తిన్నగా నడవమన్నాను. నడిచాడు. మాట తడబడటం లేదు. ఎత్తు జబ్బు మెదడుకి ఎక్కలేదు, బతికిపోయాడు. వెంటనే కిందికి దిగుదామన్నాను, జయ వచ్చేదాకా కదలనన్నాడు. అయితే నీళ్ళన్నా తాగమన్నాను.

‘చుక్క కనబడాలి రా.’

‘తాగండి.’

‘ఇంత దూరం వచ్చి ఇది కూడా చెడగొట్టుకోమంటావా?’

ఇక్కడ నేను ఊరుకుని ఉంటే ఆయన కార్తీకం అక్కడే గోడ పక్కన వాడిపోయేది. లేదా బలవంతంగా తాగిస్తే వ్రతం చెడేది. రెండు విధాలా నాకు లాభమే. అయినా నోరు ఊరుకుంటుందా? పైకి వేలు చూపించాను.

‘సూర్యుడు కూడా నక్షత్రమే అన్నా. దగ్గరగా ఉన్నాడు కాబట్టి మనం మర్యాద ఇవ్వం. దర్శనం అయిపోయింది, తాగండి.’

ఆయన పైకి చూశాడు, కళ్ళు చికిలించాడు, నవ్వాడు. సీలు తీసి కొంచెం కొంచెంగా సగం సీసా తాగాడు. తాగి చాలాసేపు గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

‘నువ్వు ఇలాంటోడివి కాబట్టే రా, నీకు వెయ్యగలిగాను’ అన్నాడు.

‘ఏం వేశారు?’

‘ఆగస్టు.’

మా ముందు నుంచి ఒక ఐరిష్ కుటుంబం పిల్లల్ని ఈడ్చుకుంటూ పోయింది. వాళ్ళు పోయేదాకా ఆగాను.

‘మా చెల్లెలి పెళ్ళని మీకు తెలుసా?’

‘శుభలేఖ పంపావు కదా. తెలుసు.’

‘లోకమ్‌ని పెట్టచ్చని తెలుసా?’

‘తెలుసు. అప్పుడు అడగాలంటే కన్సల్టెంట్ దగ్గర మాట పడాలి. పడచ్చు. పడలేదు.’ కళ్ళు తెరవకుండానే మాట్లాడుతున్నాడు. ‘వేరేవాడైతే టేబుల్ గుద్దేవాడు, పైకి మెయిల్ పెట్టేవాడు, నేను భయపడి లోకమ్‌ని అడిగేవాణ్ణి. నువ్వేమన్నావో గుర్తుందా? “పెళ్ళికి కావాల్సింది పెళ్ళికొడుకు అన్నా, నేను లేకపోతే ఒక ప్లేటు భోజనం మిగులుతుంది” అన్నావు. గదంతా నవ్వింది. నేను కూడా నవ్వి, నీ పేరు టైప్ చేశాను. ఎవరికి వేస్తే గొడవ ఉండదో చూసుకున్నాను రా. నీకు వేస్తే ఉండదు.’

ఆ మాట నేను అనలేదని చెప్పాలనుకున్నాను. ఆ మాట, ఆ గది, ఎవరెవరు నవ్వారో వరసగా కళ్ళముందుకొచ్చారు. బాగా నవ్వారు.

‘మీ పర్మిట్ నేనే తియ్యలేదు’ అన్నాను.

‘తెలుసు. నాకున్నది ఒక్కటే పాస్‌పోర్టు.’

‘మీరు నీళ్ళు తాగడం లేదని సగం దారిలోనే చూశాను.’

దీనికి మాత్రం కళ్ళు తెరిచాడు. నన్ను కాసేపు చూశాడు, వార్డులో కొత్త పేషెంటుని చూసినట్టు.

‘సరే. సరిపోయిందా ఇంక?’

నాకు ఒక జోకు తట్టింది. చాలా మంచిది. అది చెప్పి ఉంటే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం, కేబుల్ కారు దిగేసరికి అంతా సర్దుకుపోయేది. నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగడం ఆ కొండ ఎక్కడం కంటే కష్టమైంది.

‘సరిపోలేదు’ అన్నాను. ‘ఈ కొండ ఎక్కడికీ పోదు. వచ్చే కార్తీకానికి మళ్ళీ రండి, పర్మిట్ మీరే తీసుకోండి, ఎక్కండి. మా చెల్లెలి దోసిట్లో పేలాలు పొయ్యడానికి నేను మళ్ళీ ఎప్పుడు వెళ్ళను?’

ఆయన సీసా మూత బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు.

పైన, చాలా చిన్నగా, జయశ్రీ వదిన చున్నీ గాలికి ఎగురుతూ కనిపించింది. దీపం పెట్టే ఉంటుంది. పట్టపగలు బ్యాటరీ దీపం, ఇంత దూరం నుంచి ఏం కనబడుతుంది?

అక్టోబర్ 28

తలనొప్పి తగ్గి ముద్దాయి పెరుగన్నం తిన్నాడట. వదిన చెప్పింది. అడగలేదు, చెప్పింది.

వీడియోలో వదిన గొంతు వణుకుతోంది, గాలి హోరులో ఏమీ వినబడదు. అయినా అందులో ఆయన లేడు. అది చూసినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని దాచడం భావ్యం కాదు. కలిగింది. అనుకున్నంత లేదు.

నవంబర్ 2

సుధేష్ణకి ఫోన్ చేశాను. హాస్పిటల్లో ఎమర్జెన్సీ అని, పెద్దాయన అని మళ్ళీ మొదలుపెట్టబోయి ఆగాను. సెలవు కావాలని నేను గట్టిగా అడగలేదు అని చెప్పాను. అడిగితే వచ్చేదేమో అని చెప్పాను.

అవతల కుక్కర్ కట్టేసిన చప్పుడు వినబడింది.

‘నువ్వు రాలేదని కాదు అన్నయ్యా’ అంది. ‘నువ్వు రాకపోవడం మీద నువ్వే జోకులేశావు చూడు, అది. నా మెహందీ ఫంక్షన్ రోజు నువ్వు ఫోన్లో వేసిన జోకులు అందరికీ స్పీకర్లో వినిపించి నవ్వారు.’

తర్వాత ఏం మాట్లాడుకున్నామో రాయను. తిట్టింది. బాగానే తిట్టింది. పెట్టేసేముందు ఫొటోలో నా తల తీయించమని అడిగాను, తీయించనంది.

నవంబర్ 14

డాక్టర్ల గదిలో డిసెంబర్ రోటా. అందరం ఉన్నాం, ఐరిష్‌వాళ్ళు, పాకిస్తాన్ వాళ్ళు, నైజీరియా ఆయన, మేమిద్దరం. మాటలన్నీ ఇంగ్లీషులో. క్రిస్మస్ వారం దగ్గరికి రాగానే ఎవరికి వాళ్ళు ఫోన్లలోకి తలలు దించారు.

రఘువీర్ అన్న ల్యాప్‌టాప్ మీద నుంచి చూశాడు. టెనరీఫ్ తర్వాత నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు, నేనూ అంతే. క్షమించమని ఆయన అడగలేదు, నేను క్షమించలేదు. అయినా అలవాటు అలవాటే కదా, ఆయన కళ్ళు గదంతా తిరిగి వచ్చి నా మీద ఆగాయి. ‘మహీ?’ అన్నాడు.

గది నా వైపు తిరిగింది. అందరి మొహాల్లో నవ్వు సగం తయారై ఉంది.

‘చెయ్యను’ అన్నాను. ‘ఆ వారం నాకు సెలవు కావాలి. మా చెల్లెల్ని చూడటానికి వెళ్తున్నాను.’

వాళ్ళు ఎదురుచూశారు. కొత్తగా చేరిన ఐరిష్ అమ్మాయి ఈఫా, మిగతాది నేను మర్చిపోయాననుకుని కాబోలు, ‘అండ్?’ అని అందించింది.

‘అంతే’ అన్నాను.

తయారైన నవ్వులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక్కొక్కరూ టీ కప్పుల్లోకి చూశారు. కెటిల్ మరిగి టక్కుమని ఆగింది. రఘువీర్ అన్న వేళ్ళు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి, ఎవరి పేరూ టైప్ చెయ్యకుండా. మెడ దగ్గర నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

చాలా ఇబ్బందిగా ఉంది. ఆయనకి ఇంకా ఇబ్బందిగా ఉంది. ఒక్క మాటతో తేలిక చెయ్యచ్చు.

అలాగే ఉంచాను.